సగంలో ఆగిన అప్‌డేట్

"ఇది మూడోసారి!" తలుపు తీస్తూనే విరుచుకుపడింది బొమ్మలమ్మాయి. "బాగు చేస్తున్నారా, నా ప్రాణం తీస్తున్నారా?"

కంప్యూటర్ మెకానిక్ గుమ్మంలో నిలబడి తడిసిన బ్యాగు దులుపుకుంటున్నాడు. "ముందు లోపలికి రానివ్వండి. వానలో తిట్లు సరిగ్గా వినపడవు."

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. ఇప్పుడు వేస్తున్నది అట్ట మీద తన పేరు పడబోయే మొదటి పుస్తకం. సాయంత్రంలోగా బొమ్మలు అందకపోతే వేరే ఆర్టిస్టుకు ఇచ్చేస్తామని పబ్లిషర్ పొద్దున్నే తేల్చి చెప్పాడు. బొమ్మలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అదేమో ఒక్క ఫైలు తెరవడానికి యుగాలు తీసుకుంటోంది.

"అప్‌డేట్ పెట్టి భోజనానికి వెళ్లమన్నారు. వెళ్లాను. వచ్చేసరికి తెర నల్లగా చచ్చి పడుంది. అప్పట్నుంచీ నత్తనడక. పోయినసారీ ఇంతే!"

"అప్‌డేట్ సగంలో ఆగిపోయిందండీ. ఆన్ చేసినప్పుడల్లా మిగతా సగం పూర్తి చేయబోయి, చేతకాక వెనక్కి వస్తోంది. ఆ గొడవలో మీ పని చేయడానికి దానికి తీరికెక్కడిది?"

"అసలు సగంలో ఎందుకు ఆగింది?"

"చూద్దాం లెండి," అంటూ అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ఆ దాటవేతకు ఆమె ఒళ్లు మండింది.

"నేను చెప్పనా? మళ్లీ మళ్లీ రావాలని మీరే ఏదో మెలిక పెట్టి పోతున్నారు!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎంత మాటన్నారు!" అని, టకటకా ఏవేవో కొట్టాడు. "ఆ సగం అప్‌డేట్ తీసేస్తున్నా. ఇది అయ్యేలోపు కరెంటు పోయిందా, బొమ్మలతో సహా గోవిందా." తెర నల్లబడింది.

అప్పుడే ఆమె నాన్న కళ్లజోడు వెతుక్కుంటూ గదిలోకి వచ్చాడు. లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. నల్లటి తెర చూడగానే అలవాటు కొద్దీ చెయ్యి గోడమీది కంప్యూటర్ స్విచ్ వైపు లేచింది.

కుర్చీ వెనక్కి పడింది. మెకానిక్ ఒక్క గెంతులో వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండీ!"

"వదులు బాబూ! తెరమీద ఏమీ లేదుగా, ఊరికే కాలుతోందని..."

"నాన్నా! నేను భోజనానికి లేవగానే ఆపేస్తున్నది నువ్వా?"

"మనిషి లేని గదిలో కరెంటు దేనికే? లైన్‌మన్ ఇంట్లోనే దుబారా అంటే నలుగురూ నవ్వరూ?" ఆయనకూ కోపం వచ్చింది. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మెకానిక్‌కి సారీ చెప్పబోయి ఆమె ఆగిపోయింది.

"ఉండండి. ఆయన చెయ్యి స్విచ్ మీద పడకముందే మీరెలా లేచారు? మీకు ముందే తెలుసా?"

అతను కిటికీలోంచి వాన వైపు చూశాడు. "పోయినసారి అనుమానం వచ్చింది. ఎవరో మధ్యలో కరెంటు తీసేసిన గుర్తులు కంప్యూటర్‌లో కనిపించాయి."

"మరి నోరేమైంది?"

"చెబితే... మళ్లీ పిలవరు కదా."

"అంటే నేనన్నది నిజమే!"

"మెలిక నేను పెట్టలేదండీ. ఉన్నది విప్పలేదు, అంతే. పుస్తకం సంగతి ఇవాళ మీరు ఫోన్‌లో అరిస్తేనే తెలిసింది. ముందే తెలిసుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి. తప్పే."

"తప్పా? ఘోరం! నా మొదటి పుస్తకం పోయేది!"

కంప్యూటర్ మళ్లీ ఆన్ అయింది. ఫైలు నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. ఆమె గబగబా బొమ్మలన్నీ పబ్లిషర్‌కి పంపించింది. 'అందాయి, చాలా బాగున్నాయి' అని జవాబు వచ్చాక గాని కుర్చీలో వెనక్కి వాలలేదు.

అతను బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికి? నేనింకా తిట్టడం పూర్తి చేయలేదు."

అతను ఆగాడు.

"రావాలనుంటే మనిషిలా తలుపు కొట్టి రావాలి. నోరులేని కంప్యూటర్‌ని అడ్డం పెట్టుకుంటారా?"

"కొడితే తీస్తారా?"

"రేపు కొట్టి చూడండి," అంది ఆమె, ఇంకా కోపంగానే.