దగ్గించే ఇల్లు

ఆ ఇంటికి మంచి పేరు లేదు.

ఆస్ట్రియా కొండల్లో ఏదో సరస్సు ఉందట. ఆ ఊరి పేరు చెప్పమంటే నా నోరు తిరగదు, వదిలెయ్యండి. ఆ సరస్సు గట్టున మూడంతస్తుల పాత చెక్క ఇల్లు. అందులో గదులు అద్దెకిస్తారు. అక్కడ దిగి వెళ్ళినవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసిపోయిన మాటల్ని మా మేనకోడలు తెలుగు చేసి నాకు చదివి వినిపించింది.

“చీకటి పడగానే ఇంట్లో అందరికీ దగ్గు మొదలవుతుంది. ఎక్కడా నిప్పు కనపడదు.”

“మెట్ల కింద ఎవరో ముసలామె గొణుగుతూ ఉంటుంది… అది ఈ చుట్టుపక్కల ఏ దేశపు భాషా కాదు.”

“పొద్దున లేచి చూస్తే గడప ముందు ఎర్రటి మరకలు. పిల్లలతో మాత్రం వెళ్ళకండి.”

ఇంత చదివి కూడా అక్కడే దిగిందా అంటారేమో. దిగింది! ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా చవక అదే మరి. చదువుకునే పిల్లలకు దెయ్యం కన్నా అద్దె అంటేనే ఎక్కువ భయం.

నాకు హైదరాబాదు ఛత్రినాకలో పసుపు కుంకుమల దుకాణం. మా అక్క కూతురు కీర్తిప్రియ జర్మనీలో చదువుతోంది. క్రిస్మస్ సెలవులు రాగానే తను, తన గదిలో ఉండే మాన్య, వాళ్ళ క్లాసులో చదివే ప్రణీత్, ముగ్గురూ కలిసి యూరప్ చుట్టి వస్తామన్నారు. కీర్తి వాళ్ళ నాన్న, అంటే మా బావ బాలకిషన్, ఒప్పుకుంటేనా! కరెంటాఫీసులో ఉద్యోగం చేస్తూ కూడా ఇంట్లో ఫ్యూజు పోతే ఎవరి కళ్ళో పడ్డాయనే మనిషి. నెల రోజులు బతిమాలితే దిగొచ్చాడు. అదీ ఒక షరతు మీద.

“ఏ ఊర్ల ఏ చిన్న తేడా వచ్చినా నాకు తెల్వాలె. తెల్సిన నిమిషంల మిగిలిన టికెట్లన్నీ క్యాన్సల్. సీదా హాస్టల్‌కు.”

ఇంక చూడాలి ఆ పిల్ల సంబరం! రోజూ నాకు ఫోను. “మామా, పొద్దున ప్యారిస్‌ల పండ్లు తోముకున్నం, రాత్రికి బ్రసెల్స్‌ల అన్నం తిన్నం!” “మామా, ఆమ్‌స్టర్‌డామ్‌ల ప్రణీత్ సైకిల్ తోటి సహా కాలువల పడబోయిండు!” రాత్రి బస్సుల్లో నిద్ర, రొట్టెలో ఆవకాయ, సూట్‌కేసుకి ఒక చక్రం లేదు, దాన్ని ప్రాగ్ వీధుల్లో వంతులవారీగా మోశారట. వాళ్ళు అటు తిరుగుతుంటే ఇక్కడ కుంకుమ తూచే నాకు కాళ్ళు నిలవలేదంటే నమ్మండి.

అయితే కీర్తి మనసంతా వెనిస్ మీదే. నీళ్ళ మీద ఊరట, వీధులకు బదులు కాలువలట. “వెనిస్ చూడకుంట వాపస్ వస్త నేను? సవాలే లేదు మామా!” అనేది. ఆ ఊరికి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యలో ఈ సరస్సు గట్టు ఇంట్లో దిగారు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు నేను షట్టరు దించబోతున్నాను. ఫోను మోగింది. గొంతు మాత్రం రోజూ వినే గొంతు కాదు.

“మామా… నాన్న పక్కన లేడు గద?”

“లేడు. ఏమైంది బిడ్డా, గట్ల మాట్లాడుతున్నవ్?”

“మాకు… మస్తు దగ్గొస్తున్నది.”

మనకు తొమ్మిదిన్నర అంటే వాళ్ళకు సాయంత్రం ఐదే. కాని ఆ దేశంలో చలికాలం నాలుగున్నరకే కటిక చీకటి. అట్లా చీకటి పడిందో లేదో, ముగ్గురికీ గొంతులో గరగర, కళ్ళలో మంట, ఒకటే దగ్గు. తలుపు తీసి చూస్తే పొగ లేదు, మనిషి లేడు. మెట్ల కింది నుంచి మాత్రం సన్నగా… గొణుగుడు. అంతలోనే ఆగిపోయిందట.

మాన్యకు ఏడుపూ నవ్వూ కలిసి వస్తున్నాయి. దెయ్యం గియ్యం జాన్తా నై అని దారి పొడుగునా కోతలు కోసిన ప్రణీత్ బూట్లతో సహా మూడు దుప్పట్ల కింద ఉన్నాడు.

“నాన్నకు చెప్తే వెనిస్ పాయె మామా. చెప్పకుంటే మేమే పోయేటట్టున్నం.”

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం కూడా వేసింది. పరాయి దేశంలో ఆడపిల్ల, పక్కనున్న మగవాడు చూస్తే దుప్పట్ల కింద. ఏం చెప్పను? ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పేదే చెప్పాను.

“మీ అమ్మ కట్టిచ్చిన ఎండుమిరపకాయలు, దొడ్డుప్పు ఉన్నయా?”

“ఉన్నయ్.”

“గుప్పిట్ల పట్టుకొని ముగ్గురికీ మూడుమార్లు తిప్పు. తీస్కపోయి మూడు దార్లు కలిసేకాడ పారేసి రా. ఒక్కటే మాట. ఎనక్కి తిరిగి చూడొద్దు. ఏం జరిగినా సరే!”

“మామా, నువ్వు లైన్లనే ఉండు…”

ఉన్నాను. ఫోను స్పీకరు మీద పెట్టి కోటు జేబులో వేసుకుని బయల్దేరింది. మెట్లు దిగిన చప్పుడు. తలుపు కిర్రుమంది. ఆ తరువాత మంచు మీద అడుగులు… కరకర… కరకర. నేనూ స్పీకరు పెట్టి, దుకాణంలో ఫ్యాను ఆపేసి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ వింటున్నాను.

“పడేసిన మామా.”

“శభాష్! ఇంక సక్కగ వచ్చెయ్.”

కరకర… కరకర… ఆగింది.

“ఏమైంది? ఎందుకాగినవ్?”

పెదవులు కూడా కదపకుండా అన్నట్టు…

“మామా… నా ఎనక ఎవరో ఉన్నరు.”

“తిరగకు!”

“దగ్గుతున్నరు…”

ఆ దగ్గు నాకూ వినిపించింది. పొడి దగ్గు, ముసలి దగ్గు. అప్పుడు — ఆ మంచు కొండల్లోంచి, ఆ చీకట్లోంచి, మెల్లగా, సాగదీస్తూ…

“ఇరూగు దిస్తి… పొరూగు దిస్తి…”

తెలుగు! అక్కడ మనిషే లేని చోట, తెలుగు! మనవాళ్ళెవరో ఎప్పుడో ఆ కొండల్లో పోయి అక్కడే తిరుగుతున్నారా? ఆంజనేయ దండకం మొదలుపెట్టాను. రెండో మాట గుర్తుకు రాలేదు.

సరిగ్గా అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది!

కెవ్వుమని ఎగిరాను. కుంకుమ పళ్ళెం బోర్లా పడింది. తిరిగి చూద్దును గదా — మా బావ!

“ఏందిరా లొల్లి? పసుపు తెమ్మన్నది మీ అక్క. ఫోన్ల ఎవరు, కీర్తేనా? ఆ దిష్టి తీసేదెవరు?”

దాచబోయాను. లాక్కున్నాడు. అయిపోయింది, వెనిస్ నీళ్ళలో మునిగిందనుకున్నాను.

బావ ఫోను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అవతల గొంతు ఇంకా నడుస్తోంది. “ఊరీ దిస్తి… దారీ దిస్తి… తూ… తూ…” నేను బావ మొహమే చూస్తున్నాను. ఆ మొహం ముందు బిగుసుకుంది. తరువాత మెల్లమెల్లగా విచ్చుకుంది.

“ఎవరో మన పెద్దమ్మ! పండ్లు లేనట్టున్నయ్ పాపం, మాట తిరుగుతలేదు. గంత దూరంల, గంత చలిల, మన పిల్లకు దిష్టి తీస్తున్నది చూడు!”

“బావా, అది గాదు…”

“నువ్వు ఆగు. బిడ్డా కీర్తీ! నేను ఉత్తగనే ఫికర్ చేసిన. గిసొంటి పెద్దమనిషి ఉండంగ నాకేం భయం? వెనిస్ పో, రోమ్ పో, ఇంకో వారం తిరిగి రా!”

అవతల నుంచి కీర్తి గొంతు.

“నాన్నా… ఎనక్కి తిరగనా?”

“తిరుగు తల్లీ. కాళ్ళు మొక్కు.”

తండ్రి మాట, తిరిగింది. ఒక్క కేక! ఆ తరువాత నవ్వు. ఆపకుండా, పొట్ట పట్టుకున్నట్టు నవ్వు. ఆ నవ్వులో ఇంకో ముసలి నవ్వు కూడా కలిసింది. బావ సంతోషంగా ఫోను నా చేతికిచ్చి, ఈ ముచ్చట అక్కకు చెప్పడానికి తన ఫోను తీసుకుని వీధిలోకి వెళ్ళాడు.

“మామా, ఓనరమ్మ!” అంది కీర్తి, నవ్వుల మధ్య. “ఇంటి ఓనరమ్మ ఎర్నా!”

సంగతేమిటంటే — మూడేళ్ళ కిందట మలక్‌పేట నుంచి ఎవరో ఒకావిడ, అక్కడ చదివే కొడుకుతో వచ్చి ఆ ఇంట్లో దిగింది. అదే వారం ఇంటి కప్పు కారింది, నీళ్ళ గొట్టం పగిలింది. ఎర్నా దిగులు చూడలేక ఆ తల్లి ఇంటికి దిష్టి తీసి, మాటలు కొడుకు చేత జర్మన్ అక్షరాల్లో కాగితం మీద రాయించి మరీ నేర్పి వెళ్ళింది. అప్పటి నుంచి రోజూ పొద్దుగూకగానే ఎర్నా కింది వంటింట్లో తలుపు మూసుకుని ఎండుమిరపకాయలు మాడుస్తుంది. నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, గడప ముందు తిప్పి, మూడు దార్ల దగ్గర పారేస్తుంది. పైగదుల్లో జనం దగ్గి దగ్గి పారిపోతున్నారు. జనం తగ్గేకొద్దీ దిష్టి పెరిగిందనుకుని ఆమె ఇంకో గుప్పెడు మిరపకాయలు వేస్తోంది! ఆ ఇంటికి దెయ్యమూ ఆమే, భూతవైద్యురాలూ ఆమే.

“మరి చెప్పినవా ఆమెకు?”

“ఇప్పుడే చెప్పిన మామా. నవ్వి నవ్వి మంచుల కూలబడ్డది, లేపుతున్న. ఆగు, ఫోటో పంపిస్త.”

ఫోటో వచ్చింది. ఉన్ని టోపీ, చలికి ఎర్రబడ్డ ముక్కు, చేతిలో నిమ్మచెక్క, పాలలాంటి నుదుటి మీద రూపాయి బిళ్ళంత కుంకుమ, దాని కింద ఆకాశం రంగు కళ్ళు రెండు.

అంతలో బావ దుకాణంలోకి వచ్చాడు. గబుక్కున ఫోను జేబులో వేసుకున్నాను.

“మీ అక్క గూడ అంటున్నది రఘూ. ఆ పెద్దమ్మకు ఒక మంచి చీర పంపుదం. ఏ రంగు నప్పుతదో పిల్లనడుగు.”

“అడిగేదేముంది బావా?” అన్నాను. “నీలం తీస్కో. ఆమె కండ్లకు కలుస్తది.”