కానుక కాని హీల్స్

చేతిలో గొడుగు ఉండి కూడా విప్పకుండా వానలో తడుస్తూ వచ్చిందంటే, ఆ పిల్ల కోపం ఎంతవరకూ వచ్చిందో వేరే చెప్పాలా? సియోల్‌లో, సొంగ్సు చెప్పుల వీధిలోని ఆ దుకాణం తలుపు తోసుకుని సొల్హీ లోపలికి వచ్చేసరికి, యజమానురాలు ఓక్సున్ పిన్ని చిన్న పొయ్యి మీద ఉల్లికాడల అట్టు తిరగేస్తోంది. వాన పడితే ఆవిడకి అట్టు ఉండాల్సిందే.

సొల్హీ ఆవిడకి తల వంచి నమస్కారం పెట్టింది. కోపం కోపమే, మర్యాద మర్యాదే. తర్వాత నేరుగా తేగ్యు కూర్చుని హీల్స్ కుట్టే బల్ల దగ్గరికి వెళ్ళి, గొడుగు దాని మీద పడేసింది.

"ఇది నువ్వే ఉంచుకో. మనిద్దరికీ ఇక చెల్లు."

ఆ గొడుగు కిందటి వారం ఆమె పుట్టినరోజుకి అతనిచ్చిన కానుక. కిందటేడు ఉన్ని మఫ్లర్ ఇచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ హీల్స్ కుట్టి, రెండేళ్ళుగా ప్రేమిస్తున్న పిల్లకి మాత్రం ఒక్క జత కుట్టని వాడిని ఏమనాలి? అడగలేదా అంటే అడిగింది. అద్దంలా అవతలికి కనిపించే హీల్స్ కావాలంది. మడమలో పసుపు పువ్వొకటి ఉండాలని టిఫిన్ కొట్టులో కాగితం రుమాలు మీద బొమ్మ కూడా గీసింది. అలాంటి పువ్వులే వసంతంలో నది ఒడ్డున ఇద్దరూ కలిసి కోశారు. తేగ్యు ఆ కాగితాన్ని పర్సులో దాచుకుని, చూద్దాం అన్నాడు. చూస్తూనే ఉన్నాడు.

ఈ ఉదయం సొల్హీ పనిచేసే పళ్ళ ఆస్పత్రికి, అక్కడే పనిచేసే నారే కొత్త హీల్స్ వేసుకొచ్చింది. అవే అద్దాల హీల్స్. మడమలో అదే పసుపు పువ్వు. పైగా, బాగున్నాయా అని కాలు తిప్పి మరీ చూపించింది. సొల్హీకి ఒళ్ళు మండిపోయింది.

"నా బొమ్మ, నా పువ్వు. కాళ్ళు మాత్రం నారేవి," అంది సొల్హీ. "చెప్పు, ఎప్పట్నుంచి సాగుతోంది మీ భాగోతం?"

తేగ్యు మొహం పాలిపోయింది. నారే ఎవరని అడిగాడు. అది ఆమె కోపానికి ఆజ్యం పోసింది. అబద్ధానికైనా కాస్త అందం ఉండాలని విరుచుకుపడింది.

అప్పుడు ఓక్సున్ పిన్ని అట్లకాడతో సహా బల్ల దగ్గరికి వచ్చి, ఆ జత అమ్మింది తనేనని ఒప్పుకుంది. అద్దాల బీరువాలో ధర చీటీతో ఉంటే అమ్మకానికే అనుకుందట. ఎవరో పిల్ల వచ్చింది, కొలత సరిపోయింది, ఇచ్చేసింది.

"బీరువాలో ఎందుకు పెట్టావు?" సొల్హీ తేగ్యు వైపు తిరిగింది.

"నువ్వొచ్చి కొనుక్కుంటావని. గురువారం తప్పకుండా రమ్మన్నాను కదా. గొడుగు చూసి అలిగి రావడం మానేశావు."

"నీ చేత్తో ఇస్తే ఏం పోయింది?"

తేగ్యు తల దించుకున్నాడు. "చెప్పులు కానుకిస్తే అవే వేసుకుని వెళ్ళిపోతారంటారు. మా అన్న ఇచ్చాడు. వదిన కావలసిన మనిషి ఆ చలికాలం దాటకుండానే వెళ్ళిపోయింది."

ఆ మాట అక్కడ చిన్నప్పట్నుంచీ వినని వాళ్ళు లేరు. సొల్హీ కూడా విన్నదే. విన్నది కాబట్టే ఇంకా మండింది.

"అంటే నేను పోయే రకాన్నని నీ లెక్క. నా మీద నమ్మకం లేదు."

"నమ్మకం ఉంది. భయం కూడా ఉంది," అన్నాడు తేగ్యు.

బల్ల కింద నుంచి ఇంకో జత తీశాడు. మొదటిది పోయిందని తెలిశాక రాత్రింబవళ్ళు కూర్చుని మళ్ళీ చేశాడట. వీటి మడమల్లోనూ పసుపు పువ్వే. పట్టీకి ధర చీటీ వేలాడుతోంది. ఎంతో కొంత ఇచ్చి కొనుక్కోమని బతిమాలాడు.

సొల్హీకి ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకోవడానికి ఆమెకి ఎంతోసేపు పట్టదు. ధర చీటీ పీకి అవతల పారేసింది. తడిసిన బూట్లు విడిచి, ఆ హీల్స్‌లో కాళ్ళు దూర్చింది. అతుక్కున్నట్టు సరిపోయాయి.

"ఒక్క వోన్ డబ్బు కూడా ఇవ్వను. ఇది కానుకా కాదు, బేరమూ కాదు. దొంగతనం. చేతనైతే పట్టుకో."

టకటకమంటూ వానలోకి వెళ్ళిపోయింది. తేగ్యు గుడ్లప్పగించి నిలబడ్డాడు. పిన్ని అట్లకాడతో వాడి భుజం మీద ఒక్కటిచ్చింది.

"దొంగ పోతుంటే చూస్తావేంరా?"

వీధి చివర సిగ్నల్ దగ్గరే దొరికింది సొల్హీ. తడి రాళ్ళ మీద ఆ హీల్స్‌తో దీపస్తంభం పట్టుకుని, ఎటూ కదల్లేక నిలబడి ఉంది. పాదాల వేడికి హీల్స్ లోపలంతా ఆవిరి పట్టేసింది. తేగ్యు రొప్పుతూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గొడుగు తేవడం మరిచిపోయాడు.

"నాలుగంగుళాల హీల్స్‌తో ఎంత దూరం పారిపోతాననుకున్నావురా బుద్ధిలేనివాడా?"

"పోతే నేనొస్తాను. సొల్హీ, ఈ చెయ్యి ఇక వదలను."

"వదలకు," అంది ఆమె, ఇంకా కోపంగానే. "వదిలితే పడతాను."

పచ్చదీపం పడినా రోడ్డు దాటలేదు. ఆ చెయ్యి పట్టుకునే, ఒక్కో అడుగూ చూసుకుంటూ, ఇద్దరూ అట్టు చల్లారకముందే దుకాణం వైపు వెనక్కి తిరిగారు.