నూట పన్నెండో ప్లాటు

నూట పన్నెండో ప్లాటుకు పోయినవాళ్లు జ్వరంతో తిరిగొస్తారని మా అక్క ఆఫీసులో చెప్పుకుంటారు. ఒకాయనకు వారం రోజులు మాట పడిపోయిందట. ఇంకొకాయన కొలత టేపు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడట. చీకటి పడ్డాక అక్కడ ఎవరో... చెట్లు లెక్కపెడుతుంటారట.

అక్కది అడవి కొలిచే పని. దేశంలో అడవి ఎంతుందో అయిదేళ్లకోసారి ప్రపంచానికి లెక్క చెప్పాలి. అందుకని అడవంతా కొలవరు. అక్కడక్కడ గుండ్రటి ప్లాట్లు ఎంచి, నడిమధ్య ఇనుప మేకు పాతి, ప్రతిసారీ అవే చెట్లను కొలుస్తారు. ఒకరు ఛాతీ ఎత్తున టేపు చుట్టి అంకె చెబుతారు. రాసేవాళ్లు ఆ అంకెను పైకి ఒకసారి అని, అప్పుడు రాస్తారు. తప్పు దొర్లకుండా అదో పద్ధతి.

తొమ్మిదేళ్లుగా అక్క కాంట్రాక్టు మీదే ఉంది. ఈ విడత పూర్తిచేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. అన్ని ప్లాట్లూ అయిపోయి ఇదొక్కటే మిగిలింది. మర్నాడు పొద్దున్నే కాగితాలు ఇచ్చెయ్యాలి.

అక్కతో రాయడానికి వచ్చే మనిషిని అందరూ బక్కాయన అంటారు. "టీ కొట్లో కూర్చుని రాసేద్దాం అమ్మాయ్. పాత అంకెలకి తలా ఓ సెంటీమీటరు కలిపితే సరి. అందరూ చేసేదే," అన్నాడట.

అక్క ఒప్పుకోలేదు. దారిలో జీపు టైరు పగిలి, చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. బక్కాయన జీపు దిగనంటే దిగనన్నాడు.

"నాకు పిల్లలున్నారు తల్లీ..."

"నాకూ ఉన్నారు," అని అక్క టార్చి తీసుకుని నడిచింది.

ఇదంతా అక్క మా వంటింట్లో కూర్చుని చెప్పింది. అప్పటికే మూడుసార్లు కాళ్లు కడుక్కుంది. అయినా అక్కడి బురద వాసన పోలేదంది.

మేకు దొరికింది. దాని పక్కన నిలబడి టార్చి చుట్టూ తిప్పింది. ఒక్క మాను తగల్లేదు. ఇంకోసారి తిప్పింది... ఏమీ లేదు. యంత్రాలతో నేల మట్టానికి కోసేసి, మొదళ్ల మీద మట్టి కప్పేశారు. చక్రాల గాళ్లలో నిలిచిన నీళ్లు కుళ్లి, పైన డీజిలు తెట్టు కట్టి ఉంది. అడుగు తీస్తే చెప్పు ఊడొస్తోంది.

తొమ్మిదేళ్ల అలవాటు కదా — రాసేవాళ్లు పక్కన లేకపోయినా అక్క పైకే అంది.

"చెట్లు... సున్నా."

చీకట్లోంచి ఎవరో అన్నారు —

"ముప్పై ఒకటి."

అక్క గుండె ఆగినంత పనయింది. బక్కాయన గొంతు కాదది. అయినా మళ్లీ అంది.

"సున్నా."

"ముప్పై ఒకటి... రాసుకో."

అక్క టార్చి అటు తిప్పింది.

దూరంగా, ప్లాటు అవతల పడి ఉన్న దుంగ మీద మాస్టారు కూర్చుని కమలాపండు తింటున్నాడు. నాలుగేళ్ల కిందట రిటైరైన మాస్టారు. అక్కకి టేపు పట్టుకోవడం నేర్పిన మనిషి. అంగుళం జారితే గుడ్లురిమేవాడు.

"ఇక్కడిదాకా వచ్చేవాళ్లే తక్కువ," అన్నాడు గింజలు ఉమ్ముతూ. "వచ్చినవాళ్లు గొంతు వింటే చాలు, పారిపోతారు. నువ్వేంటి, ఇంకా నిలబడ్డావు? అడవి తగ్గిందంటే పైవాళ్లకి తలవంపులు కదా. ఆఫీసువాళ్లే నన్ను సలహాదారుగా పెట్టుకుని ఇక్కడ కాపలా కూర్చోబెట్టారు. రాసెయ్. నీ ఉద్యోగమూ ఖాయమవుతుంది."

అక్క టార్చి దించి, కాగితం తీసింది.

"భయపడ్డావా తల్లీ?"

"లేదు మాస్టారూ. వాంతొస్తోంది."

అక్కడే నిలబడి, కాగితం మీద సున్నా వేసి, సంతకం చేసి వచ్చేసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఆ రాత్రంతా అంటూనే ఉంది. నాకైతే ఆ ముసలాయన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది.

నెలకి ఉత్తరం వచ్చింది. "దెయ్యం భయంతో ప్లాటులోకి వెళ్లకుండా, బయట నుంచే సున్నా వేసినట్టు విచారణలో తేలినందున..." ఉద్యోగం పోయింది. సాక్షి సంతకం బక్కాయనది. జీపులోంచి కాలు కింద పెట్టనివాడు, అక్క లోపలికి పోలేదని సాక్ష్యం చెప్పాడు! తిరిగి కొలిచింది మాస్టారట. దెయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే. థూ!

ఆ తర్వాత దేశం లెక్క అచ్చయి వచ్చింది. మెరిసే అట్ట, లోపల పచ్చటి బొమ్మలు. అక్క దాన్ని ముట్టుకోలేదు. నన్నే చూడమంది.

"నూట పన్నెండు ఉందా?"

"ఉంది. ముప్పై ఒక్క చెట్లు."

"పోయిన విడత ఎన్ని?"

పాత పుస్తకం తీసి చూశాను. "ముప్పై ఒకటే."

"అంతకుముందు?"

"ముప్పై ఒకటి..."

"ఎంత లావయ్యాయి?"

"తలా ఒక సెంటీమీటరు."



"దొంగలెక్క రాయడం కూడా చేతకాలేదురా వీళ్లకి," అంది అక్క. "నిజం అడవిలో చెట్లు చస్తాయి."