జానెడు తీగ

పది గంటలయ్యింది. నూకాలమ్మ చేతికున్న నాడికంకణం ఎర్రబడింది. ఆమె దాన్ని ఓసారి చూసుకుని, పొయ్యి మీద రెండు గ్లాసుల టీకి నీళ్ళు పెట్టింది.

ఎండలు మనుషుల్ని చంపడం మొదలుపెట్టాక విశాఖ కొండల మీద లేచిన మేడలన్నిటికీ ఎండతిప్పు గోడలే. ఆ గోడల్లో రేకు ఉంటుంది. అది ఎండను వెనక్కి తిప్పి పంపుతుంది. ఫోను సంకేతాన్ని కూడా అలాగే పంపేస్తుంది. కిటికీ దగ్గర కాస్త అందుతుంది. వంటగదిలో బొత్తిగా అందదు.

నాడికంకణం లేని మనిషి ఊళ్ళో లేడు. గుండె, జ్వరం, ఒంట్లో నీరు, అన్నీ అదే చూసి ఫోను సంకేతం మీద ఆరోగ్య కేంద్రానికి కబురు పెడుతుంది. కబురు వెళ్తున్నంతసేపూ కంకణం పచ్చగా వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది, అరగంట ఆగితే ఎర్రబడుతుంది. దాన్ని మౌనం అంటారు. మౌనం పడితే మనిషే వెళ్ళి కళ్ళతో చూసి రావాలి. అలా చూసి వచ్చే ఉద్యోగి పేరు వాకబుదారు.

వాకబుదారు దమయంతి రొప్పుతూ వచ్చింది. లిఫ్టు ఎండవేళ కట్టేస్తారు. పద్నాలుగు అంతస్తులు.

"మామ్మా, మళ్ళీ వంటింట్లోనే కూర్చున్నావా?"

"వంట పడగ్గదిలో సేస్తారేటే? కూకో. రొప్పు తగ్గాక తిడుదువు."

దమయంతి ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. కళ్ళు చూసింది. తర్వాత టీ తాగింది. కింది అంతస్తు పెళ్ళి చెడిపోయిన సంగతి చెప్పింది. నూకాలమ్మ పడీపడీ నవ్వింది. లేచేముందు దమయంతి గొంతు తగ్గించింది.

"నవ్వకు మామ్మా. ఈ నెలలో ఇంకొక్క మౌనం పడిందంటే నిన్ను ముసలివాళ్ళ ఆలనశాలకి మార్చేస్తారు. కాగితం తయారుగా ఉంది. అక్కడ మంచం మంచానికీ సంకేతమే. ఇల్లు మాత్రం ఇది కాదు."

ఈ ఇల్లు నూకాలమ్మ నలభై ఏళ్ళు పూలు అమ్మి కొనుక్కున్నది.

దమయంతి వెళ్తూ వెళ్తూ ఎదురింటి తలుపు కొట్టింది. అది తవిటయ్యది. ఒకప్పుడు మోటార్లకు తీగ చుట్టేవాడు. మాటకి కూలి అడిగే రకమని మేడలో పేరు.

"తాతా, మామ్మ వంటింట్లోకి సంకేతం రప్పించగలవా?"

"సూద్దాం," అన్నాడు. తలుపేసుకున్నాడు.

సాయంత్రం ఎండ దిగాక వచ్చాడు. చేతిలో పాత ఫ్యాను విప్పి తీసిన రాగి తీగ, ఒక పొడుగు కేబులు ఉన్నాయి. అతను చెప్పలేదు గాని, చేసేది ఇది: ఒక రాగి ముక్క బయట పొగగొట్టం దగ్గర, ఒకటి లోపల పొయ్యి పైన, మధ్యన కేబులు. బయటిది సంకేతాన్ని పట్టుకుంటుంది, లోపలిది విడుస్తుంది. కరెంటు అక్కర్లేదు. ముక్క పొడవు మాత్రం కుదరాలి. పొట్టిదైతే పట్టదు. అతని గురువు రేడియోలు బాగుచేసేవాడు. ఈ సంకేతానికి సరిగ్గా జానెడని ఆయన నేర్పాడు. తవిటయ్య జానతో కొలిచి కోశాడు, బిగించాడు.

కంకణం వెలగలేదు.

విప్పి, గీకి, మళ్ళీ బిగించాడు. వెలగలేదు. అతను స్టూలు మీదే నిలబడిపోయి తన చేతిని చూసుకుంటున్నాడు. అరవై ఏళ్ళు తీగ లాగిన వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి.

నూకాలమ్మకు అర్థమయ్యింది.

"తీగ తప్పు కాదు బాబూ. నీ జాన ముడుసుకుపోనాది. ఇలాగియ్యి, నాను కొలుస్తాను."

"నువ్వా?" అన్నాడు తవిటయ్య. "నీ మూర తక్కువని నా ఇంటిది రోజూ పేచీ పెట్టీది."

"నా మూర తక్కువేటి కాదు. సెయ్యి మడిసి కొలిసీదాన్ని. అలాగ్గాపోతే ఇల్లు కొందునా?"

తవిటయ్య మీసం కదిలింది. తీగ అందించాడు.

"ఈసారి మడవకు."

ఆమె వేళ్ళు చాపింది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా నిటారుగా. అతని కొలతకన్నా రెండు వేళ్ళు ఎక్కువ వచ్చింది. రెండు ముక్కలూ ఆ కొలతకే కోశాడు. లోపలిది బిగించగానే కంకణం పచ్చబడింది.

"ఇంక ఎక్కడికీ పంపరు," అన్నాడు. టీ తాగమంటే వద్దని వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి కంకణం పచ్చగానే ఉంది. దమయంతి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రావలసిన పని లేదు మరి.

ఎదురింట్లో తవిటయ్యకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. మోటారు తిరిగినంతసేపూ చెవికి పట్టదు, ఆగితే పడుతుంది. నాలుగో రోజుకి తెలిసింది. పదింటికి ఆ ఇంట్లోంచి వచ్చే నవ్వు లేదు.

వెళ్ళి తలుపు కొట్టాడు. నూకాలమ్మ తీసింది. తల దువ్వుకోలేదు. పొయ్యి చల్లగా ఉంది.

"పని సేస్తందా?"

"భేషుగ్గా. గుండె బాగుందంట. నీరు బాగుందంట." కంకణం చూపించింది. "నాను బాగున్నానని అందరికీ తెలిసిపోనాది."

నూకాలమ్మ పొయ్యి పక్క మూల చూపించింది.

"ఆ మూల కూకుంటే మౌనం పడతాదని నాకు తెలీదనుకున్నావా? పదింటికని తెలిసే కూకునీదాన్ని. మౌనం పడితేనే గదా మనిషొచ్చేది."

అతను పొయ్యి పైన తీగను చూశాడు. విప్పేస్తే దమయంతి వస్తుంది, కాగితం పట్టుకుని. ఉంచితే ఎవరూ రారు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పదింటికి తలుపు చప్పుడయ్యింది. తవిటయ్య, చేతిలో గుడ్డపీలిక.

"ఏటయ్యింది?"

"రాగి గదా. సిలుము పడతాది. తుడవాల."

"ఎన్నాళ్ళకి ఓపాలి తుడవాల?"

"రోజూ."

నూకాలమ్మ అతని మొహం వంక చూసింది. పుట్టి బుద్ధెరిగిన కాడినుంచి రాగి బిందెలు తోమిన మనిషి. ఒక్క రోజులో ఏ రాగికీ చిలుము పట్టదని ఆమెకు తెలుసు.

"సింతపండు తెచ్చినావా?"

తవిటయ్య తడబడ్డాడు. "మర్సిపోనాను."

"సింతపండు లేకుండా సిలుము ఎలాగొదులుతాది? రేపు తే." స్టూలు అతని వైపు జరిపింది. "ఇయ్యాల్టికి కూకో."

పొయ్యి మీద రెండు గ్లాసుల నీళ్ళు పెట్టింది. ఆమె చేతికి కంకణం పచ్చగా వెలుగుతూనే ఉంది. మనిషి బాగుందని కేంద్రానికి కబురు పెడుతోంది.