ఆరో నంబరు డ్రాయింగ్

సాయంత్రం నాలుగూ ఇరవైకి డ్రాయింగులు లెక్కపెట్టారు. ఎనిమిది ఉండాలి. ఏడే ఉన్నాయి.

నాలుగూ ఇరవై రెండుకి గేట్లు మూశారు. ఐదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

ఒక్కతే వచ్చింది. ఎప్పుడూ అంతే. రహస్య భవనాల కేసులు చూసే మనిషికి అసిస్టెంటునివ్వరు. సంగతి ఎంత తక్కువమందికి తెలిస్తే అంత మంచిదని పైవాళ్ళ లెక్క. ఇంటికెళితే "ఈరోజు ఏం చేశావ్?" అని అడిగేవాళ్ళు లేరు. ఉన్నా చెప్పకూడదు. కాబట్టి పెద్ద నష్టమేం లేదని పదకొండేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటోంది. ఇంకా నమ్మకం కుదరలేదు.

గోడలకు చెవులుంటాయంటారు. ప్రభుత్వం కట్టబోయే ఆ భవనంలో మాత్రం ఉండకూడదు. గోడ ఎలా లేపితే మాట బయటికి పోదు, వైరు ఎటునుంచి తేవాలి, తలుపు సందు ఎలా మూయాలి అన్నవి దాన్ని డిజైన్ చేసి కట్టబోయే ఎనిమిది మందికీ ఒక మాస్టారు రెండు వారాలు నేర్పే క్లాసు అది. ఇవాళ ఆఖరి రోజు. క్లాసులో ఎవరికీ పేర్లుండవు. బల్ల మీద ఎవరి పని వాళ్ళకి రాసిన అట్టముక్క ఉంటుంది. ఆర్కిటెక్టు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్. అలాగే పిలుచుకుంటారు.

పోయిన ఆరో నంబరు డ్రాయింగ్ 'డ్రాఫ్ట్స్‌మన్' సంతకంతో తీసుకున్నది. డ్రాయింగులు గీసే ఆ మనిషి ఆడమనిషే. పోస్టు పేరు మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

"కేసు తేలిపోయింది మేడమ్. ఆవిడే. నిప్పు లేందే పొగ రాదు కదా," అన్నాడు సెక్యూరిటీ ఆఫీసరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఇన్‌స్పెక్టర్ ఆ అమ్మాయిని పక్కగదిలో కూర్చోబెట్టింది.

"గదిలోంచి ఎప్పుడు వెళ్ళారు?"

"రెండూ నలభైకి."

"ఎందుకు?"

"పాపకి జ్వరం మేడమ్. మా అత్తగారు గేటుకి ఫోన్ చేశారు."

"డ్రాయింగ్?"

"బల్ల మీదే వదిలేశాను. మాస్టారికి అప్పజెప్పి వెళ్ళాలి. కంగారులో మర్చిపోయాను."

"తిరిగొచ్చాక లేదు. అడగలేదేం?"

"మాస్టారే తీసి పెట్టుంటారనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "ఆరింటికల్లా దొరక్కపోతే నా పర్మిట్ రద్దట. అది పోతే ఇక ఏ ప్రభుత్వ పనీ ఇవ్వరు. ఇల్లు నా ఒక్కదాని జీతంతో నడుస్తోంది మేడమ్."

ఐదూ పదిహేను. బ్యాగులు, బల్లలు, బట్టలు అన్నీ వెతికేశారు. గేటు దాటి ఎవరూ పోలేదు. గది మధ్యలో అట్టతో చేసిన భవనం నమూనా ఉంది. దానికి సీలు వేసిన టేపు. విప్పే అధికారం పాఠం చెప్పే మాస్టారికి తప్ప ఎవరికీ లేదు.

కాగితాలు చించే మిషను బుట్టను ఇన్‌స్పెక్టర్ నేలమీద గుమ్మరించింది.

"చూశాం మేడమ్. డ్రాయింగ్ ముక్క ఒక్కటీ లేదు," అన్నాడు ఆఫీసరు.

అయినా ఆమె చూసింది. అన్నీ పల్చటి తెల్ల కాగితాల పీలికలు. తర్వాత పాత బ్యాచుల రిజిస్టరు తెప్పించుకుని పది నిమిషాలు చదివింది.

ఐదున్నరకి అందర్నీ క్లాసుగదిలో కూర్చోబెట్టింది.

"డ్రాయింగ్ పోతే ఏమవుతుంది?"

"రూలు ప్రకారం కోర్సు మొత్తం మళ్ళీ మొదటినుంచి వినాలి. సోమవారం పొద్దున్నే," అన్నాడు ఆర్కిటెక్టు. అందరూ ఉసూరుమన్నారు.

ఒక్కరు తప్ప. ఆ ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళని బయటికి పంపింది.

"కూర్చోండి మాస్టారూ."

"నిలబడే అలవాటమ్మా."

"ఆఖరి రోజు నాలుగూ ఐదు నిమిషాలకి మీరేం చేస్తారు?"

ఆయన చూపు బల్ల సొరుగు మీదికి పోయింది.

"ముప్ఫై బ్యాచులు. ముప్ఫైసార్లూ నాలుగూ ఐదుకి బల్లల మీది అట్టముక్కలు మిషన్లో వేసి సంతకం పెట్టారు. ఆ తర్వాతే డ్రాయింగుల లెక్క. ఇవాళ బుట్టలో ఒక్క అట్టపీలిక లేదు. అందరూ డ్రాయింగ్ కోసమే వెతికారు కాబట్టి ఎవరికీ తట్టలేదు. డ్రాయింగ్ పోయినట్టు తేలింది నాలుగూ ఇరవైకి. సోమవారం మళ్ళీ ఇవే అట్టలు కావాలని నాలుగూ ఐదుకే తెలిసిందెవరికి?"

మాస్టారు సొరుగు లాగారు. ఎనిమిది అట్టలు, కూర్చునే వరసలోనే, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. తర్వాత నమూనా టేపు ఊడదీసి, మడతపెట్టిన డ్రాయింగ్ తీసి ఆమె చేతికిచ్చారు.

"సోమవారం క్లాసు మొదలయ్యాక దొరికిందని చెబుదామనుకున్నా. ఇంకో రెండు వారాలమ్మా. అంతకన్నా ఆశపడలేదు."

"ఎందుకు?"

"వచ్చేనెల నుంచి వీడియో పాఠాలు. నా గొంతు రికార్డు చేసుకున్నారు, నాతో పనిలేదు. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. నోరు విప్పాలంటే నాకొచ్చింది ఈ పాఠమొక్కటే. అదేమో బయట చెప్పకూడనిది."

"ఆ అమ్మాయి ఏడుస్తుంటే మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను." తల దించుకున్నారు. "ఆవిడ మెడకి చుట్టుకుంటుందనుకోలేదు. చుట్టుకున్నాక నోరు పెగల్లేదు."

ఇన్‌స్పెక్టర్‌కి కోపం రావాలి. రాలేదు. జాలేసింది, ఆ వెనకే భయమేసింది. ఇరవై ఏళ్ళు పోతే తన బతుకూ ఇంతేనేమో.

అయినా జరిగింది జరిగినట్టు రాసింది. చివర రూలు ప్రకారం ఒక వాక్యం ఉండాలి: ఈ బ్యాచ్‌వాళ్ళని ఎవర్నీ ఆయన ఇకపై కలవకూడదు, మాట్లాడకూడదు, వాళ్ళకి ఆయన ఆచూకీ ఎవరూ చెప్పకూడదు. అక్కడ కలం కాసేపు ఆగింది. తర్వాత అదీ రాసింది. ఆయన చదివి సంతకం పెట్టారు. ఐదూ యాభైకి పక్క తలుపులోంచి పంపేశారు.

ఐదూ యాభై ఐదుకి డ్రాఫ్ట్స్‌మన్‌ని పిలిచి, డ్రాయింగ్ దొరికిందని, పర్మిట్‌కి ఢోకా లేదని చెప్పింది. ఆ అమ్మాయి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తేరుకుని చుట్టూ చూసింది.

"మాస్టారేరీ మేడమ్?"

"వెళ్ళిపోయారు."

"అయ్యో, చెప్పకుండానా! ఈ ఆదివారం మా ఇంట్లో అందరం భోజనాలు పెట్టుకున్నాం. ఆయన్ని పిలవాలని పొద్దుట్నుంచీ చూస్తున్నాం. ఒంటరి మనిషి కదా, ఇక ప్రతి ఆదివారం ఎవరో ఒకరింటికి తీసుకెళ్దామని మాట్లాడుకున్నాం. ఆయన అడ్రసు మీకు తెలుసా?"

అడ్రసు ఫైలు మొదటి పేజీలోనే ఉంది. ఫైలు ఇన్‌స్పెక్టర్ చంకలో ఉంది.

"తెలీదమ్మా," అంది.