గసగసాల కంకర

శుక్రవారం పొద్దున్న ఆరున్నరకి లిబుషె గసగసాల డబ్బా మూత తీసింది. డబ్బా ఖాళీ.

అడుగున ఒక్క గింజ లేదు. ఎవరో గుడ్డ పెట్టి తుడిచినట్టుంది. నిన్న సాయంత్రం దాకా అందులో కిలోన్నర నీలి గసగసాలున్నాయి. బల్ల మీద పిండి పొంగి, కప్పిన తువ్వాలును పైకి నెడుతోంది. రేపు మధ్యాహ్నం పదకొండు మంది పాత రైల్వేవాళ్లు ఇంటికొస్తున్నారు. మనిషికి అయిదు చొప్పున కొలాచెలు చెయ్యాలి. మధ్యలో తీపి గసగసాల ముద్ద లేని కొలాచె అంటే గుంటపడిన రొట్టె, అంతే.

ఆ ఇంట్లో ముగ్గురు ఉంటారు. కూతురు రదానా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి ఇంకా ఇల్లు చేరలేదు. లిబుషె తియ్యలేదు. అనుమానితుడు ఒక్కడే మిగిలాడు, ఆమె మొగుడు.

"వెండెలిన్!"

పక్కగదిలోంచి సన్నగా ఈల వినిపించింది. ముద్దాయి ఈల వేస్తున్నాడంటే ఆధారాలు మాయం చేసేశాడని అర్థం.

లిబుషె చేతిలో డబ్బాతోనే గదిలోకి వెళ్లింది. ఒకప్పుడు అది వాళ్ల పడకగది. మూడేళ్లుగా అందులో రైలు నడుస్తోంది. ఓసోబ్లాహా వెళ్లే చిన్న పట్టాల రైలుని, పొలాల మధ్య వంకరటింకరగా తిరిగే ఆ దారిని, మధ్యలో యావొరెక్ అనే బుల్లి స్టేషన్‌ని వెండెలిన్ అసలులో ఎనభై ఏడో వంతుకి కుదించి, ఛాతీ ఎత్తు బల్ల మీద గోడ పొడవునా కట్టాడు. గోడ చాలలేదు. చివర్న ఉన్న బీరువా పక్కచెక్కకి బెజ్జం కోశాడు. రైలు అందులో దూరి, లిబుషె చలికోటుల కింద ఒక చుట్టు తిరిగి, నాఫ్తలీన్ వాసనతో బయటికి వస్తుంది.

వెండెలిన్ చిన్న కుంచెతో పట్టాల మీద ఏదో సర్దుతున్నాడు. పట్టాల పొడవునా నీలిబూడిద రంగు కంకర. నున్నగా, ఒత్తుగా, జిగురులో తడిసి మెరుస్తోంది.

"అది నా గసగసాలా?"

"కోప్పడకుండా వినవే. ఒక్కో గింజ మిల్లీమీటరు ఉంటుంది. ఎనభై ఏడుతో గుణించు. సరిగ్గా పట్టాల కింద పోసే కంకర రాయంత! ఇసుక వేసి చూశాను, ఊకపొడి వేసి చూశాను. దేవుడు మన రైలు కోసమే ఈ గింజ పుట్టించాడు."

"దేవుడు కొలాచెల కోసం పుట్టించాడు. నన్ను ఒక్క మాట అడిగావా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇవ్వను."

"అందుకే అడగలేదు."

అప్పుడే రదానా గుమ్మంలో బూట్లు విప్పి, ఇంటి చెప్పులేసుకుని లోపలికొచ్చింది. కళ్లు నిద్రతో మూతలు పడుతున్నాయి. తల్లి చేతిలో డబ్బా చూసింది, తండ్రి చేతిలో కుంచె చూసింది. విషయం అర్థమైంది.

"కాఫీ తాగాక మొదలుపెట్టకూడదా?" అంది.

"మీ నాన్న రేపటి విందుకి కొన్న గసగసాలు పట్టాలకి అంటించాడు! జిగురుతో!"

"అన్నీ అంటించావా నాన్నా?"

"బీరువా లోపలికి వెయ్యలేదు. అక్కడ చీకటి. ఎవరికీ కనపడదు."

"చూశావా, పొదుపు కూడా చేశాడు," అని రదానా తలుపుకి ఆనుకుంది. "ఈ మూడేళ్లలో మీ ఇద్దరి మధ్యా ఎర్రజెండా ఊపి ఊపి నా చెయ్యి పడిపోయింది. ఈ ఉద్యోగానికి జీతమైనా ఇవ్వండి."

లిబుషె బీరువా వైపు చెయ్యి చూపించింది.

"కోటు తీసుకుందామంటే గూడ్సు బండి వెళ్లేదాకా ఆగాలి," అంది లిబుషె. "హాల్లో మడతమంచం మీద పడుకుంటున్నాను. నా వంటింటి వడపోత జల్లెడ పొలానికి కంచె అయింది. నా పాత పసుపు స్వెట్టర్ కోతకొచ్చిన గోధుమ చేను అయింది. ఇంక నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను కూడా కత్తిరించి ఏ కొండకో అతికించు!"

"రేపు కుబాలా వస్తున్నాడు లిబూ! కుబాలా!"

ఆ పేరు బాణంలా వచ్చింది. కుబాలా రిటైరైన స్టేషన్ మాస్టర్. జేబులో మడతస్కేలు లేనిదే చావుకి కూడా వెళ్లడు. క్రితం ఏడాది ఒకాయన కట్టిన నమూనా రైలు చూసి, ప్లాట్‌ఫాం రెండు మిల్లీమీటర్లు ఎత్తుందని పదిమందిలో ప్రకటించాడు. ఆ మనిషి మళ్లీ కలయికలకి రాలేదు.

"ఆయన ముందు ఒక్క తప్పు దొరక్కూడదు," అన్నాడు వెండెలిన్. "ముప్పై నాలుగేళ్లు ఇంజిన్ షెడ్డులో ఫిట్టర్‌గా నూనెలో పొర్లాను. నాకేం తెలుసో వాళ్లు చూడాలి. నీకు గసగసాల గొడవ! స్టేషన్ గురించి, రైలు గురించి నీకేం తెలుసు చెప్పు?"

రదానా కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. "నాన్నా," అంది మెల్లగా, "వెనక్కి తీసుకో ఆ మాట."

ఆలస్యమైంది.

"నాకేం తెలుసా?" లిబుషె డబ్బాని కిటికీ గట్టు మీద పెట్టింది. "పంతొమ్మిదేళ్లు యావొరెక్‌లో టికెట్లమ్మింది ఎవరు? ఆ పొయ్యి రాజేసింది ఎవరు? ఆ ప్లాట్‌ఫాం మీద మంచు ఊడ్చింది ఎవరు? నువ్వు అక్కడికి వచ్చింది ఒకే ఒక్కసారి. చెడిపోయిన ఇంజిన్ కిందికి దూరావు. సాయంత్రం దాకా నువ్వు చూసింది నాలుగు చక్రాలు, నా బూట్లు. వెండెలిన్, నీ స్టేషన్ తిరగబడి ఉంది!"

"ఏంటి?"

"బావి ఇటుండాలి. ప్లమ్ చెట్టు ఇటుండాలి. టికెట్ కిటికీ తలుపుకి కుడిపక్కన ఉండాలి. మొత్తం అటూ ఇటూ అయిపోయింది. చొక్కా తిరగేసి తొడిగినట్టు!"

వెండెలిన్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. సొరుగులోంచి ఏడు స్లైడుల పెట్టె తీశాడు. బావమరిది ఎప్పుడో తీసిన, వెలుగుకి పెట్టి చూసే ఫొటో ఫిల్ములవి; వాటిని చూసే స్టేషన్ కట్టాడు. ఆ మహానుభావుడు జీవితమంతా అన్నింటికీ ఆలస్యంగా వచ్చినవాడు. ఆ రోజూ రైలు వెళ్లిపోయాక వచ్చి ఖాళీ స్టేషన్‌ని తీశాడు. పైగా మంచు కాలం. స్టేషన్ పేరున్న బోర్డు మంచులో మునిగిపోయింది. ఫొటో మొత్తంలో చదవడానికి ఒక్క అక్షరం లేదు.

వెండెలిన్ ఒక స్లైడుని కిటికీ వెలుగులోకి ఎత్తాడు. చూశాడు. వేళ్ల మధ్య తిప్పి, రెండో వైపు నుంచి చూశాడు. ఏడూ అలాగే చూశాడు. తర్వాత స్టూలు మీద కూలబడ్డాడు.

"మూడేళ్లు తప్పు వైపు నుంచి చూశాను," అన్నాడు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ విన్నది కాదు.

కాసేపటికి లేచి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

"రదానా, కుబాలా గారికి ఫోన్ చెయ్యి. ఒంట్లో బాగోలేదని చెప్పు. రేపు ఎవర్నీ రావద్దను." స్టేషన్ అడుగున మొదటి మర బిగువు విప్పాడు.

"ఆపు!" అంది లిబుషె.

"ఎందుకు ఆపాలి? ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి నెల నుంచి."

"మొదటి నెలా! మూడేళ్లు నోరు మూసుకుని నా పిచ్చితనం చూస్తూ కూర్చున్నావా? వెనక నవ్వుకున్నావా?"

లిబుషె మొహం ఎర్రబడింది. "సరే. నేను క్రనోవ్‌లో అక్క దగ్గరికి పోతున్నాను. నీ కంకర నువ్వే తిను." విసురుగా బీరువా దగ్గరికి వెళ్లి, కోటు కోసం తలుపు లాగింది. ఆ తలుపు లోపలివైపు నిలువుటద్దం ఉంది. వాళ్లమ్మ ఇచ్చినది. వెండెలిన్ ఆ ఇంట్లో బెజ్జం పెట్టని వస్తువు అదొక్కటే.

కోటు మీద చెయ్యి వేసిన లిబుషె అలాగే ఆగిపోయింది.

అద్దంలో యావొరెక్ ఉంది.

బావి ఉండాల్సిన చోట బావి. చెట్టు ఉండాల్సిన చోట చెట్టు. తలుపుకి కుడిపక్కన టికెట్ కిటికీ. పొద్దున ఏడు పది రైలు కోసం తలుపు తాళం తీసి బయటికొస్తే కనపడేది సరిగ్గా ఇదే. గసగసాల కంకర కూడా ఆ రంగే. వాన పడ్డాక ఆ రాళ్లు అలాగే ఉండేవి.

"వెండా," అంది. "ఇటు రా."

"నాకు పనుంది."

"రమ్మంటే రావయ్యా మొండిఘటం! ఇక్కడ నిలబడు. అటు కాదు, అద్దంలోకి చూడు."

వెండెలిన్ వచ్చి నిలబడ్డాడు. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. చాలాసేపు చూశాడు.

"ఇదా?" అన్నాడు.

"ఇదే. గోరంత కూడా తేడా లేదు." లిబుషె కళ్లు తుడుచుకుంది. "నవ్వుకున్నానా? నువ్వు రిటైరయ్యాక ఎనిమిది నెలలు ఆ కిటికీ దగ్గర కూర్చున్నావు. దూరంగా కూత వినపడగానే గడియారం చూసి 'నాలుగు నిమిషాలు లేటు' అనేవాడివి. రోజుకి అదొక్క మాట. తర్వాత ఒకరోజు ఈ చెక్కలు కోస్తూ ఈల వేశావు. ఆ ఈల విని వంటింట్లో నేను ఏడ్చాను. చెట్టు అటుందా ఇటుందా అని ఆ రోజు నీతో ఎలా గొడవపడను? అడుగుతావేమో అని చూశాను. ఎప్పుడైనా 'లిబూ, యావొరెక్ ఎలా ఉండేది?' అంటావని. మూడేళ్లు చూశాను."

వెండెలిన్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

రదానా ముక్కు చీదింది. "నేను నిద్రపోవచ్చా? లేకపోతే తలుపు ఊడదీయడంలో సాయం కావాలా?"

"ఊడదియ్యి," అంది లిబుషె. "కొలాచెలకి ప్లమ్ జామ్ పెడతాను. వెండా, నువ్వు ఇంజిన్ నంబర్లు తిరగేసి రాయి, అద్దంలో సరిగ్గా కనపడాలి. స్టేషన్ బోర్డు నేను రాస్తాను. అది నా స్టేషన్."

శనివారం రెండింటికి పదకొండు మంది వచ్చారు. గుమ్మం దగ్గర ఇరవై రెండు బూట్లు విప్పారు. ఇంట్లో ఉన్నవి ఆరు జతల చెప్పులే కాబట్టి అయిదుగురు మేజోళ్లతోనే నడిచారు. లోపల చూస్తే వింత ఏర్పాటు. పొట్టి స్టూళ్లన్నీ బల్లకి వీపు తిప్పి ఉన్నాయి. ఎదుటి గోడకి నిలువుటద్దం అడ్డంగా ఆనించి ఉంది.

"రైలు వెనకుంటే గోడ చూస్తూ కూర్చోవాలా?" అన్నాడు కుబాలా, మడతస్కేలు తెరుస్తూ.

"కూర్చోండి కుబాలా గారూ," అంది లిబుషె. "ఈ స్టేషన్‌కి మాస్టర్ని నేను. చెబుతున్నాను."

కూర్చున్నారు. రైలు కదిలింది. అద్దంలో ముందు పదకొండు బట్టతలలు గుట్టల్లా కనిపించాయి. వాటి పైన యావొరెక్. బండి బీరువాలోంచి బయటికొచ్చి, మలుపు తిరిగి, బావి దాటి ఆగింది. కుబాలా స్కేలు మడిచేశాడు.

"ఆ ప్లమ్ చెట్టు," అన్నాడు గొంతు సవరించుకుని. "తనిఖీకి వచ్చినప్పుడల్లా ఆ కాయలు దొంగతనంగా కోసేవాణ్ణి."

"తెలుసు. పన్నెండేళ్లు. రిజిస్టర్ చూస్తున్నట్టు నటించేదాన్ని."

గది గొల్లుమంది. కుబాలా లేచి వెనక్కి తిరిగి అసలు బల్లని చూశాడు. అద్దాన్ని చూశాడు. మళ్లీ బల్లని చూశాడు. అతని కనుబొమలు దగ్గరికొచ్చాయి. వెండెలిన్ దగ్గర ఒక అబద్ధం సిద్ధంగానే ఉంది, వెలుగు బాగా పడుతుందని అద్దం పెట్టామని. నాలుక చివర దాకా వచ్చింది.

"తిరగేసి కట్టాను," అన్నాడు. "స్లైడుల్ని తప్పు వైపు నుంచి చూశాను. ఆ స్టేషన్‌లో పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి నా ఇంట్లోనే ఉంది. ఒక్కసారి కూడా అడగలేదు."

కుబాలా వేలితో కంకర గోకి, నాలిక మీద వేసుకున్నాడు. "గసగసాలు!" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత స్టూలు మీద నెమ్మదిగా కూర్చున్నాడు. "నేనూ నలభై ఏళ్లు మా ఆవిణ్ణి ఏమీ అడగలేదోయ్. ఇప్పుడు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆవిడే లేదు." ముక్కు తుడుచుకుని, పెద్దగా అన్నాడు, "ప్లాట్‌ఫాం ఎత్తు సరిగ్గా ఉంది! బండి మళ్లీ నడపండి!"

అయిదు గంటలకి అందరూ వెళ్లారు. ఒకాయన పొరపాటున ఇంటి చెప్పులతోనే వెళ్లిపోయాడు. రదానా పైకెళ్లి పడుకుంది. వెండెలిన్ పొట్టి స్టూలు మీద అద్దానికి ఎదురుగా కూర్చున్నాడు. వెనక లిబుషె బల్ల పక్కన నిలబడి పళ్లేలు ఏరుతోంది. అద్దంలో ఆమె సరిగ్గా ప్లాట్‌ఫాం వెనకే, టికెట్ కిటికీ పైన నిలబడినట్టుంది. అప్పుడు ఇంజిన్ కింద పడుకున్నవాడికి ఆమె బూట్లే కనపడ్డాయి. ఇప్పుడు ముఖం కనపడుతోంది.

చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి, ఖాళీ కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు.

"లిబూ, ఆ తలుపు పక్కన ఇంకేం ఉండేది?"

లిబుషె పళ్లేలు కింద పెట్టింది.

"రాసుకో," అంది. "ముందు, నాకో కుర్చీ ఉండేది. ఒక కాలు పొట్టి. దాని కింద చెక్కముక్క. అదెంత మందం ఉండేదో కూడా చెబుతాను. గసగసాలు కొని తెచ్చాక."