మంత్రి బోనులో ఎర్రనీళ్లు

నరసరావుపేట కోర్టు వెనక సందులో, జిరాక్సు షాపు పైన ఉన్న డిటెక్టివ్ రామతులసి ఆఫీసులోకి ఆ ఉదయం ఒకావిడ గోనెసంచితో దూసుకొచ్చింది. తలుపు తట్టలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిని బల్ల మీద బోర్లించింది. కొబ్బరి చిప్పలు, తాటాకు పూలు, మొక్కజొన్న బెండ్లు, వేపపుల్లల నిచ్చెనలు ఫైళ్ల మీద జలజలా పడ్డాయి.

“చూడండమ్మా! వీటిల్లో విషం యాడుందో మీరే చూడండి!”

అసిస్టెంటు ఉపేంద్ర ఉలిక్కిపడి టీ గ్లాసు పక్కకు లాక్కున్నాడు. రామతులసి కళ్లు మాత్రం మెరిశాయి. కొన్నాళ్లుగా ఆమెకు పెళ్లి సంబంధాల ఎంక్వైరీలే గతి. అబ్బాయి తాగుతాడా, అమ్మాయికి వేరే ఎవరైనా ఉన్నారా, ఇదే గోల. విషం అన్న మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. అయ్యో పాపం అనాల్సిన చోట సంబరపడే మనిషి, ఏం చేస్తాం!

వచ్చినావిడ పేరు దయామణి. ఊరు వెల్దుర్తి. పెంపుడు చిలకలు కొరుక్కుని ఆడుకునే బొమ్మలు చేసి, ఫోన్లో ఆర్డర్లు తీసుకుని పంపుతుంది. కొన్ని చిలకలకు రంగు పడదు, వాసన పడదు, తగరపు తీగ పడదు. అట్లాంటి వాటికోసమే ఆమె బొమ్మలు. రంగు వెయ్యదు, జిగురు పుయ్యదు, వేలాడదియ్యడానికి వంటింటి స్టీలు రింగులు తప్ప మరోటి వాడదు.

“పేటలో చెన్నకేశవులు గారని, పూజా సామాన్ల హోల్‌సేల్ కొట్టాయన. వాళ్లావిడకి బూడిద రంగు చిలకుంది, మంత్రి అని పిలుస్తారు. దానికి బాగోలేదు. గుంటూరు డాక్టరు రక్తంలో సీసం ఉందన్నాడంట. అంతే, నా బొమ్మల వల్లేనని వీడియో పెట్టాడు. చూడండి!”

ఫోన్లో నుదుటిమీద రూపాయంత బొట్టుతో ఒక పెద్దమనిషి చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు. “వెల్దుర్తి దయామణి దగ్గర బొమ్మలు కొనమాకండి! విషం రంగులు పూసి పక్షుల్ని చంపుతా ఉంది!”

“ఆర్డర్లన్నీ పోయినయ్యమ్మా. రేపు స్టేషన్లో కంప్లైంట్ ఇస్తాడంట. బస్సులో పక్కసీటు ఆమె నా మొహం జూసి లేచి వెనక్కిపోయి కూర్చుంది. పేరు పోయినాక నేను బొమ్మలు జేసి ఎవరికమ్మాలి? నా పేరు నాకు ఇప్పించండి, అంతే నేనడిగేది.”

రామతులసి ఒక నిచ్చెన తీసి గాజు జగ్గులో నీళ్లలో ముంచింది. కాసేపు చూశారు. నీళ్లకు వేపపుల్ల ఛాయ కూడా రాలేదు.

“దీని ఒంటిమీద రంగు లేదు, ఉపేంద్రా. మరి ఆ పెద్దమనిషికి రంగు ఎక్కడ కనపడింది? పద, బండి తియ్యి!”

చెన్నకేశవులు ఇల్లు కొట్టు పైనే. మెట్లెక్కి లోపలికి పోగానే ఉపేంద్రకు నవ్వొచ్చింది. ఫ్రిజ్జుకు మూడు బొట్లు, ఇన్వర్టరుకు మూడు బొట్లు, మిక్సీకి, వాటర్ ఫిల్టరుకు, ఆఖరికి కొత్త చీపురు కర్రకు కూడా పసుపూ కుంకుమా. రామతులసి నవ్వలేదు. ఫ్రిజ్జు మీది బొట్టును వేలితో తాకి, ఆ వేలు కర్చీఫుకు తుడుచుకుంది.

కిటికీ పక్క పెద్ద బోనులో మంత్రి ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. మనుషుల్ని చూసి నీరసంగా, “ఏంది, బోణీ అయిందా?” అంది.

“అబ్బ, మాట్లాడింది! నిన్నంతా నోరు తెరవలా మేడం,” అంటూ చెన్నకేశవులు భార్య వాసవి కొంగుతో కళ్లొత్తుకుంది. నుదుటిమీద చిన్న స్టిక్కరు. దాని చుట్టూ చర్మం నల్లగా కమిలి ఉంది.

“కుంకుమ పెట్టుకోరా మీరు?” అని అడిగింది రామతులసి.

“పెట్టుకుంటే మంట, దురద మేడం. నాది వేడి ఒళ్లని ఆయన స్టిక్కర్లు తెచ్చారు. ఇంట్లో పూజకి మాత్రం మన కొట్లో కుంకుమే.”

“మంత్రి బొమ్మల సంగతి ఎవరు చూస్తారు?”

“నేనే. దీనికి అన్నీ అలర్జీలే. అందుకే రంగుల్లేనివి వెతికి వెతికి దయామణి దగ్గర తెప్పించా. కన్నబిడ్డలాగా చూసుకుంటా మేడం. బొమ్మ రాగానే దేవుడి దగ్గర పెడతా. ఆ తర్వాతే బోనులో కడతా.”

బోను కడిగే బుల్లెమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. తన మీదకేం వస్తుందోనని ఆమె భయం ఆమెది.

“నీకేమన్నా తేడా కనపడిందా, బుల్లెమ్మా?”

“నాకేం తెలుసమ్మా. కొత్త బొమ్మ కట్టినరోజు గిన్నెలో నీళ్లు ఎర్రగా ఉంటయ్. ఇది బొమ్మని ముంచి ముంచి కొరుకుద్ది గదా! తెల్లారి మారిస్తే మళ్లీ తెల్లగానే ఉంటయ్.”

“ఆ బొమ్మలేవీ?”

“అయ్యగారు కాల్చేశారమ్మా. డాక్టరు కాడినించి వచ్చిన రోజే.”

రామతులసి ఉపేంద్ర వైపు చూసింది. అతనికేమీ అర్థం కాలేదు. అయినా అంతా అర్థమైనట్టు తల ఊపాడు. మేడం అంత హుషారుగా ఉందంటే దొంగ దొరికినట్టేనని అతని నమ్మకం.

కింద కొట్లో చెన్నకేశవులు గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక ఎర్రటి కుంకుమ ప్యాకెట్లు గోడెత్తున పేర్చి ఉన్నాయి.

“ఏందమ్మా, ఆ బొమ్మల మనిషి పంపిందా మిమ్మల్ని? రేపు పోలీసులకే చెప్పుకోమనండి!”

“నేను కుంకుమ కొందామని వచ్చానండీ,” అంది రామతులసి అమాయకంగా. ప్యాకెట్టు తీసుకుని సంచిలో వేసుకుంది. తర్వాత గల్లాపెట్టె మీదున్న వెండి భరిణె చూపించి, “మీ నుదుటి మీద బొట్టు భలే నిండుగా ఉంది. అందులోది చిటికెడు పెట్టండి,” అంది.

చెన్నకేశవులు చెయ్యి భరిణె మీదకు పోయి ఆగింది. “ఇది నా సొంతానికమ్మా. మాచర్లలో ఒక ముసలామె చేసిస్తది.” అయినా ఆడమనిషి బొట్టడిగితే లేదనడం ఎట్లా? చిటికెడు కాగితంలో పెట్టిచ్చాడు.

రామతులసి ఆ బొట్టు పెట్టుకోలేదు. కాగితం మడిచి పర్సులో దాచింది. సందు మలుపు తిరిగాక రెండు పొట్లాలూ ఉపేంద్ర చేతిలో పెట్టింది.

“కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ దగ్గరికి పరిగెత్తు. ఒక్క ప్రశ్నే అడుగు. సీసం ఉందా, లేదా?”

మర్నాడు పొద్దున్నే, చెన్నకేశవులు స్టేషనుకు బయల్దేరకముందే, ఆయన హాల్లోనే అందరూ చేరారు. దయామణి తలుపు పక్కనే నిలబడింది. లోపలికి రమ్మని వాసవి పిలిచినా రాలేదు. రామతులసి రెండు గాజుగ్లాసుల్లో నీళ్లు పోయించింది.

“చిలకకు సీసం పెట్టింది దయామణి కాదు,” అని మొదలుపెట్టింది. “ఆమె బొమ్మలు నీళ్లలో ముంచి చూశాను, రంగు దిగలేదు. కానీ ఈ బోనులో నీళ్లు ఎర్రబడ్డాయి. అదీ కొత్త బొమ్మ కట్టినరోజు మాత్రమే. అంటే ఆ ఎరుపు బొమ్మకు అంటింది ఈ ఇంట్లోనే. ఈ ఇంట్లో కొత్త వస్తువేది వచ్చినా దానికి ఏం చేస్తారు?”

అందరి కళ్లూ ఫ్రిజ్జు మీదకు పోయాయి. వాసవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“బొట్టు... దిష్టి తగలకూడదని ప్రతి బొమ్మకీ నేనే పెట్టా. అయ్యో! నా చేతుల్తో నేనే!”

“మీరు పెట్టింది బొట్టమ్మా, విషం కాదు. అసలు కుంకుమ పసుపుతో, నిమ్మరసంతో చేసేది. దాన్నయినా బోనులో పెట్టకపోవడమే మంచిది. కానీ మీకు ఇచ్చింది అది కాదు.”

ప్యాకెట్లో కుంకుమ ఒక గ్లాసులో వేసింది. వేసీవెయ్యగానే నీళ్లు నెత్తురులా ఎర్రబడ్డాయి. కాగితంలో చిటికెడు రెండో గ్లాసులో వేసింది. పొడి మెల్లగా అడుగుకు చేరింది. నీళ్లకు లేత పసుపు ఛాయ వచ్చిందంతే.

“ఎర్రనీళ్లది కొట్లో సరుకు. రంగూ, సీసమూ రెండూ ఉన్నాయని లెక్చరర్ రాత్రే తేల్చాడు. రెండోది చెన్నకేశవులు గారి సొంత భరిణెలోది. అందులో సీసం లేదు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెన్నకేశవులు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. “ఏందమ్మా ఇది! ఎవరో సప్లయి చేస్తే నేనమ్ముతా. నాకేం తెలుసు?”

“తెలుసు. తెలియకపోతే మీ బొట్టుకు మాచర్ల సరుకెందుకు? డాక్టరు సీసం అనగానే మీకు మీ ప్యాకెట్లే గుర్తొచ్చాయి. అందుకే బొమ్మల్ని పరీక్షకు పంపకుండా కాల్చేశారు. ఎవరూ కొట్టు వైపు చూడకముందే వీడియో పెట్టి ఈమె వైపు చూపించారు.”

ఉపేంద్రకు చప్పట్లు కొట్టాలనిపించింది గానీ వాసవి మొహం చూసి ఊరుకున్నాడు.

ఆమె స్టిక్కరు పీకేసింది. నల్లటి మచ్చ మీద చెయ్యి పెట్టుకుంది.

“ఏమండీ, చిలక సంగతి తర్వాత. నా మొహాన ఇది ఎందుకొచ్చిందో మీకు తెలుసా?”

“వ్యాపారమే వాసవీ... అందరూ అమ్మేదే...”

“తెలిసే, నాకు వేడి ఒళ్లని చెప్పారు. మీకు మాత్రం వెండి భరిణె!”

“ఒసేయ్, మెల్లగా. కిందకి వినపడిద్ది. కొట్టు మూతపడిద్దే!”

“మూతపడనీ!”

టీవీ పక్కన పెట్టి ఉన్న భర్త ఫోన్ తీసి ఉపేంద్ర చేతిలో పెట్టింది. “ఆయన వీడియో పెట్టిన గ్రూపులన్నిటికీ పోవాలి. తీయి బాబూ.” స్టిక్కరు లేకుండా, కొంగు కప్పుకోకుండా, ఆ మచ్చతోనే నిలబడింది. చెన్నకేశవులు ఫోన్ అందుకోబోతే బుల్లెమ్మ అడ్డం వచ్చి నిలుచుంది. అంత ధైర్యం ఆమెకు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

“నేను చెన్నకేశవులు గారి భార్యని. వెల్దుర్తి దయామణి బొమ్మల్లో విషం లేదు. విషం మా కొట్లో కుంకుమలో ఉంది. మా దగ్గర కొన్నవాళ్లు వాడొద్దు, తిరిగి తెచ్చివ్వండి. నా మొహం చూడండి. దయామణీ, నిన్ను అనకూడని మాట అన్నాం. తప్పు మాది.”

దయామణి ఆ పెద్దమనిషిని తిట్టడానికి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుని వచ్చింది. ఒక్కటీ గుర్తు రాలేదు. గడప దాటి లోపలికొచ్చి వాసవి చెయ్యి పట్టుకుంది.

“ఏడవమాకమ్మా. మీది ప్రేమేగదా.”

ఇద్దరూ కలిసే ఏడ్చారు. రామతులసి వాళ్లవైపు చూడకుండా కిటికీ దగ్గరకు పోయింది.

వీడియో గ్రూపుల్లోకి పోయి కాసేపన్నా కాలేదు, దయామణి ఫోన్ మోగింది. చిలకలూరిపేట నుంచి ఎవరో. దయామణి కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

“ఆఁ, చెప్పండమ్మా. అవును, నేనే. బొమ్మల దయామణినే!”